మీకు తెలుసా? సరిహద్దు దాటితే తూటా మారాలి!

పాయింట్ 223 రెమింగ్టన్ తూటా పెన్సిల్ కంటే సన్నం. 50 గ్రెయిన్లది తూకం వేస్తే 3.24 గ్రాములు, అంటే పాతిక గురివింద గింజల ఎత్తు పైచిలుకు. బ్రిటన్‌లో నక్కల వేటకు దీన్ని చాలామంది ఎంచుకుంటారు. మరి జింకలకో?

• స్కాట్లాండ్‌లో చిన్నపాటి రో జింకకు ఇది చెల్లుతుంది. అయితే తూటా కనీసం 50 గ్రెయిన్లు, వేగం సెకనుకు 2,450 అడుగులు, శక్తి 1,000 ఫుట్-పౌండ్లు ఉండాలి.

• ఇంగ్లండ్‌లో అదే జింకకు ఇది చట్టవిరుద్ధం. అక్కడ కనీసం 0.240 అంగుళాల క్యాలిబర్, 1,700 ఫుట్-పౌండ్ల శక్తి తప్పనిసరి. మంట్‌జాక్, చైనీస్ వాటర్ డీర్ అనే చిన్న జింకలకు మాత్రమే 0.220 అంగుళాలు చాలు.

• అందుకే నక్కకూ జింకకూ ఒకే రైఫిల్ కావాలనుకునేవారు 1955లో వచ్చిన పాయింట్ 243 వించెస్టర్ వైపు మొగ్గుతారు.

ఈ కొలతలెందుకు? బలం చాలని తూటా జింకను చంపదు, గాయపరుస్తుంది. గాయంతో పొదల్లోకి పారిపోయిన మూగజీవి నరకయాతన పడుతుంది. ఆ బాధ తప్పించడమే ఈ నిబంధనల సారం.

మన దేశంలోనైతే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకల వేట, నక్కల వేట రెండూ నేరమే.