మిట్ట ఎక్కలేని పచ్చిక కోత యంత్రం: లోపాన్ని గుర్తించే క్రమం

ఉద్యానవనాలలో, క్రీడా మైదానాలలో, విశ్వవిద్యాలయ ప్రాంగణాలలో పచ్చిక కోతకు కూర్చుని నడిపే మోవర్లు వాడుతున్నారు. చదును నేలపై సక్రమంగా నడిచే యంత్రం మిట్ట ఎక్కేటప్పుడు మందగించడం, ఒక్కొక్కసారి నిలిచిపోవడం వీటిలో తరచు కనిపించే సమస్య. అటువంటప్పుడు ట్రాన్స్‌మిషన్ చెడిపోయిందని భావించి వెంటనే దానిని మార్పించడం సరికాదు. లోపం బెల్టులోనో, స్ప్రింగులోనో ఉంటే ఆ ఖర్చంతా వృథా అవుతుంది.

వాలుపైనే ఎందుకు?

యంత్రం, చోదకుడు కలిసి 300 కిలోలు అనుకుందాం. చక్రాలు దొర్లడానికి ఎదురయ్యే నిరోధం బరువులో 8 శాతం అయితే, చదును పచ్చికపై 24 కిలోల బలం చాలు. 10 డిగ్రీల వాలుపై బరువులో సుమారు 17 శాతం, అనగా మరో 52 కిలోలు, యంత్రాన్ని వెనుకకు లాగుతుంది. అవసరమైన బలం మూడు రెట్లు దాటుతుంది. చదునుపై దాగి ఉన్న స్వల్ప లోపం ఇక్కడ బయటపడుతుంది.

తొలి పరీక్ష

తక్కువ వాలుపై, కోత బ్లేళ్లను ఆపి యంత్రాన్ని నడపాలి. ఇంజను శబ్దం కుంగితే ఎయిర్ ఫిల్టరు, ఇంధనం, స్పార్క్ ప్లగ్ పరిశీలించాలి. చక్రాలు తిరుగుతూ జారితే లోపం టైర్ల పట్టులో ఉంది. ఇంజను శబ్దం తగ్గకుండా చక్రాలు మాత్రమే మందగిస్తే లోపం చోదన వ్యవస్థలో ఉన్నట్లు.

చలువలోనా, వేడిలోనా?

ఆరంభం నుండే శక్తి తగ్గి, కీచుమనే శబ్దం, కాలిన రబ్బరు వాసన వస్తే బెల్టు జారుతున్నదని గ్రహించాలి. అరిగిన బెల్టు పుల్లీ గాడిలో లోతుకు దిగుతుంది; సాగిన స్ప్రింగు దానిని బిగించలేదు. బైపాస్ మీట పూర్తిగా మూసుకోకపోయినా ఇదే ఫలితం.

హైడ్రోస్టాటిక్ యంత్రం మొదట బాగా నడిచి, వేడెక్కిన తరువాత మందగిస్తే ఆయిలును, పంపును అనుమానించాలి. వేడికి ఆయిలు పలుచబడుతుంది. వాలుపై పీడనం పెరుగుతుంది. అరిగిన భాగాల సందులలో నుండి ఆయిలు ఎక్కువగా లోలోపలే కారిపోతుంది. అయినా మొదట ట్రాన్స్‌మిషన్‌పై పేరుకున్న గడ్డిని తొలగించి, విరిగిన ఫ్యాను రెక్కలు ఉంటే మార్చి చూడాలి. ఆయిలు మార్చే వీలుంటే సూచించిన రకాన్నే పోసి, లోపలి గాలిని తీసివేయాలి. అప్పటికీ గుణం కనిపించకపోతేనే ట్రాన్స్‌మిషన్ మరమ్మతు తలపెట్టాలి.

ప్రాణ రక్షణ

హైడ్రోస్టాటిక్ వ్యవస్థలో యంత్రాన్ని ముందుకు నడిపేదీ, దిగేటప్పుడు వేగాన్ని అదుపు చేసేదీ ఆయిలే. కనుక ఎక్కలేని యంత్రం దిగేటప్పుడు ఆగకపోవచ్చు. లోపం సరిచేసే వరకు దానిని వాలుపై వాడరాదు. మంచి స్థితిలో ఉన్న యంత్రాన్నైనా 15 డిగ్రీలకు మించిన వాలుపైకి తీసుకుపోరాదు. వాలుకు అడ్డంగా కాక పైకి, కిందికి నడపాలి. బెల్టును తాకే ముందు ఇంజను ఆపి, తాళం చెవి తీసి, స్పార్క్ ప్లగ్ తీగను విడదీయాలి.

అనేక వరికోత కంబైన్లలో, కూర్చుని నడిపే వరినాటు యంత్రాలలో కూడా హైడ్రోస్టాటిక్ చోదనమే ఉంది. గట్టు ఎక్కేటప్పుడు మొరాయించే యంత్రం గురించి రైతు అడిగినప్పుడు విస్తరణ శాస్త్రవేత్త మొదట వేయవలసిన ప్రశ్న ఒకటే: చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కిన తరువాతా?