చక్రాల ఇల్లు, కదలని ఒడ్డు

అమెరికాలో ఉద్యోగ విరమణ చేసిన దంపతులు ఇంటికి తాళం వేసి, కొందరైతే ఇల్లే అమ్మేసి, ఓ పెద్ద బండిలో సముద్రతీరం వెంట నెలల తరబడి తిరగడం చాలాకాలంగా ఉన్నదే. ఆ బండిని అక్కడ ఆర్వీ అంటారు. లోపల మంచం, పొయ్యి, ఫ్రిజ్, స్నానాల గది అన్నీ ఉంటాయి. కొన్ని సొంత ఇంజనుతో నడిచే మోటర్‌హోమ్‌లు, కొన్ని పికప్ ట్రక్కు వెనక తగిలించి లాక్కెళ్లే ట్రైలర్లు. వీటి ప్రకటనల్లో ఎప్పుడూ ఒకటే బొమ్మ: ఎదురుగా సముద్రం, ఒడ్డున ఒంటరిగా బండి, రెండు మడత కుర్చీల్లో భార్యాభర్తలు. చుట్టుపక్కల నరమానవుడు కనిపించడు. ఇంటిని వీపున మోసుకుపోయే నత్తలాగా ఎవరి మీదా ఆధారపడకుండా ఎక్కడికైనా పోవచ్చునని ఆ బొమ్మ చెబుతుంది. నత్త సంగతేమో గానీ ఆర్వీ విషయంలో అది సగం నిజమే. ఆ కుర్చీల కింద ఇసుక ఎవరిది, రాత్రికి బండి నిలుపుకోవడానికి చోటు ఎవరిచ్చారు, వారం తిరిగేసరికి నిండిపోయే మురుగుతొట్టిని ఎక్కడ ఖాళీ చేస్తారు? ఈ మూడు ప్రశ్నలు వేసుకుంటే, కదిలే ఇంటి వెనక ఏళ్లుగా కదలకుండా ఉన్న ఉమ్మడి ఆస్తి ఒకటి బయటపడుతుంది. పసిఫిక్ తీరంలోని ఒరెగాన్ రాష్ట్రంలో అది మరీ స్పష్టంగా కనిపిస్తుంది.

ముందు బండి సంగతి చూద్దాం. ఆర్వీ అడుగున మామూలుగా మూడు తొట్లు ఉంటాయి. ఒకటి మంచినీళ్లకు. రెండోది స్నానం చేసిన నీళ్లకు, గిన్నెలు కడిగిన నీళ్లకు. దాన్ని గ్రే ట్యాంక్ అంటారు. మూడోది మరుగుదొడ్డిది, బ్లాక్ ట్యాంక్. ఈ మూడోదాంట్లో చాలా బళ్లలో పట్టేది 110 నుంచి 150 లీటర్లే. ఎంత పొదుపుగా వాడినా ఇద్దరికి వారం, మహా అయితే పది రోజులు వస్తుంది. ఆ తర్వాత డంప్ స్టేషన్‌కు వెళ్లాల్సిందే. అక్కడ లావుపాటి గొట్టం తగిలించి ముందు బ్లాక్ ట్యాంక్, వెనకాలే గ్రే ట్యాంక్ వదులుతారు. సబ్బునీళ్లు తర్వాత వస్తే గొట్టం కడిగినట్టవుతుందని ఆ వరస. కొత్తగా బండి కొన్నవాళ్లకు అనుభవస్థులు నేర్పే మొదటి పాఠం ఇదే, సూర్యాస్తమయాల సంగతి తర్వాత. ఇక నీళ్ల కుళాయి, 30 లేక 50 ఆంపియర్ల కరెంటు, మురుగు కాలువ మూడూ ఒక్కచోటే అందేలా ఉంటే దాన్ని ఫుల్ హుకప్ అంటారు. పైకప్పు మీద సౌర పలకలు బిగించుకుని ఏ ఎడారిలోనో హుకప్ లేకుండా రెండు వారాలు గడిపేవాళ్లూ లేకపోలేదు. కానీ సూర్యుడు బ్యాటరీ నింపుతాడే తప్ప తొట్టి ఖాళీ చేయడు.

ప్రయాణం గురించి మన పెద్దలకు ఈ మర్మం బాగా తెలుసు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరినప్పుడు డేరాలు, పల్లకీ, పెద్ద పరివారం, అన్నీ వెంట ఉన్నాయి. అయినా ఆయన కాశీయాత్ర చరిత్రలో మజిలీ మజిలీకీ వచ్చే లెక్క ఒకటే: దిగడానికి వసతి ఉందా, నీళ్లున్నాయా, సరుకులు దొరుకుతాయా. గూడుబండి సొంతదే కావచ్చు, దారిలో బావి, సత్రం మాత్రం మరెవరో కట్టించి ఉండాలి.

ఒరెగాన్ తీరం దాదాపు 580 కిలోమీటర్లు. ఆ ఇసుక అందరిదీ కావడం దానంతటది జరగలేదు. 1913లో ఆస్వాల్డ్ వెస్ట్ అనే గవర్నరు హయాంలో శాసనసభ ఒక చట్టం చేసింది. కొలంబియా నది నుంచి కాలిఫోర్నియా సరిహద్దు దాకా పోటు నీరు తడిపే ఇసుకంతా ప్రజల రహదారి అని దాని సారాంశం. అదేదో చమత్కారం కాదు. తీరం వెంట సరైన బాట లేని ఆ రోజుల్లో టపా బళ్లు నిజంగానే తడి ఇసుక మీద నడిచేవి. అయితే పోటు గీతకు పైనున్న పొడి ఇసుక సంగతి చట్టంలో లేదు. జనం అక్కడా తిరుగుతూనే ఉన్నారు గనక ఎవరూ పట్టించుకోలేదు. 1966లో కానన్ బీచ్ అనే ఊళ్లో ఒక మోటెల్ యజమాని తన అతిథులకు తప్ప ఇతరులకు ప్రవేశం లేదంటూ పొడి ఇసుకకు అడ్డు కట్టినప్పుడు గొడవ మొదలైంది. పొడి ఇసుక మీదా ప్రజల హక్కు నిలిపే బిల్లు సభలో నానుతుంటే పత్రికలు, టీవీ గొంతెత్తాయి, ఉత్తరాలు వెల్లువెత్తాయి. గవర్నర్ టామ్ మెకాల్ హెలికాప్టర్లో వచ్చి ఇసుకలో దిగి, గీత ఎక్కడ గీయాలో కొలతలతో సహా కెమెరాల ముందు చూపించాడు. 1967 జులై 6న సంతకమైన ఆ చట్టాన్ని బీచ్ బిల్ అంటారు. భూమి కాగితాల మీద ఎవరిదైనా, పచ్చగడ్డి మొదలయ్యే మేర దాకా ఇసుక మీద నడిచే, కూర్చునే హక్కు ప్రజలది. వివాదం రాష్ట్ర సుప్రీంకోర్టుకు వెళ్తే, తరతరాల వాడుకే హక్కు అవుతుందన్న పాత ఇంగ్లిష్ న్యాయసూత్రం పట్టుకుని 1969లో కోర్టు ప్రజల పక్షాన తీర్పు చెప్పింది. అదే దేశంలో, అటు అట్లాంటిక్ ఒడ్డున మెయిన్, మసాచుసెట్స్ రాష్ట్రాల్లో వలసకాలపు శాసనం వల్ల సొంతదారు హక్కు పాటు గీత దాకా పోతుంది. అక్కడ తడి ఇసుక మీద జనానికి పాతకాలం నుంచి మిగిలిన హక్కులు ప్రధానంగా చేపలు పట్టడం, పక్షులను వేటాడటం, పడవ నడపడం. ఒట్టినే కూర్చుని సముద్రం చూడటం ఆ జాబితాలో లేదు. ఎంత ఖరీదైన ఆర్వీ అయినా ఈ తేడాను పూడ్చలేదు.

ఇసుక తర్వాత దారి, దారి తర్వాత మజిలీ. తీరం వెంట పోయే 101వ నంబరు జాతీయ రహదారిలో ఒకప్పుడు పెద్ద నదీముఖాల దగ్గర బల్లకట్టు దాటాల్సి వచ్చేది. మాంద్యం రోజుల్లో కేంద్రం ఇచ్చిన ప్రజాపనుల డబ్బుతో కాండే మెకల్లా అనే ఇంజనీరు రూపకల్పన చేసిన అయిదు వంతెనలు 1936లో పూర్తయ్యాకే ఆ బాధ తప్పింది. 1929 నుంచి 1950 దాకా రాష్ట్ర పార్కుల అధికారిగా ఉన్న శామ్యూల్ బోర్డ్‌మన్ దానాలు అడిగి, బేరాలాడి, ఊరూరా తిరిగి తీరంలో ముక్క తర్వాత ముక్క పార్కుల కింద చేర్చాడు. తమాషా ఏమిటంటే పార్కుల్లో రాత్రి బస ఆయనకు ఇష్టం లేదు. క్యాంప్‌గ్రౌండ్లు ఆయన దిగిపోయాక, 1950లలో ఊపందుకున్నాయి. ఇవాళ ఉత్తరాన ఆస్టోరియా దగ్గరి ఫోర్ట్ స్టీవెన్స్‌లో, 1906లో ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడ ఇనుప అస్థిపంజరం పక్కన ఓ రాత్రి గడిపిన జంట, నెహేలం బే, కేప్ లుకౌట్, న్యూపోర్ట్ దగ్గర బెవర్లీ బీచ్, ఫ్లోరెన్స్ దగ్గర ఇసుక దిబ్బల మధ్య హనీమన్, బాండన్ దగ్గర బుల్లార్డ్స్ బీచ్, చివరికి బ్రూకింగ్స్‌లో హారిస్ బీచ్, ఇలా కాలిఫోర్నియా సరిహద్దు దాకా రాష్ట్ర పార్కుల్లోనే మజిలీలు చేసుకుంటూ పోవచ్చు. మజిలీకీ మజిలీకీ మధ్య దూరం మన లెక్కలో ఓ పూట ప్రయాణం కూడా కాదు. గేటు దగ్గర దారి చెప్పే క్యాంప్ హోస్టులు తరచు ఇలాంటి దంపతులే. హుకప్ ఉన్న చోటు ఉచితంగా తీసుకుని, బదులుగా వారాల తరబడి స్వచ్ఛందంగా పనిచేస్తారు.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది. ఆర్వీ అంటే డబ్బున్నవాళ్ల ముచ్చట. దాని మీద తీసుకున్న అప్పుకు, లోపల మంచం, వంట, మరుగుదొడ్డి ఉంటే చాలు, రెండో ఇల్లు కింద లెక్కగట్టి వడ్డీకి షరతులతో ఆదాయపు పన్ను మినహాయింపు కూడా ఉంది. అలాంటివాళ్లకు ప్రజల డబ్బుతో కుళాయిలు వేయడమేమిటి? ఈ ప్రశ్నలో పస ఉంది. ఒరెగాన్ పార్కులకు డబ్బు ముఖ్యంగా మూడు దారుల్లో వస్తుంది: బస చేసేవాళ్లు కట్టే రుసుము, ఆర్వీల రిజిస్ట్రేషన్ ఫీజులో వాటా, రాష్ట్ర లాటరీ ఆదాయంలో వాటా. మొదటి రెండూ వాడుకున్నవాళ్లే కట్టేవి. ఇతర రాష్ట్రాల బళ్లు ఆ రిజిస్ట్రేషన్ ఫీజు కట్టవు గనక 2022 జులై నుంచి వాటికి బస రుసుము మీద 25 శాతం అదనం వేశారు. మూడోది మాత్రం కొంచెం ఇబ్బంది పెట్టేదే. 1998లో ప్రజలు ఓటేసి తెచ్చుకుని, 2010లో శాశ్వతం చేసుకున్న ఏర్పాటే అయినా, లాటరీ టికెట్టు కొనేవాడూ మోటర్‌హోమ్ కొనేవాడూ ఒకే మనిషి అయ్యే సందర్భాలు తక్కువ. అయితే ఆ పార్కు గేటు ఆర్వీలకు మాత్రమే తెరుచుకోదు. అదే ఆవరణలో తక్కువ రుసుముకు గుడారాల చోట్లుంటాయి. నడిచి, సైకిలు తొక్కి వచ్చేవాళ్లకు మరీ చవకగా విడి చోట్లుంటాయి. బండీ గుడారమూ ఏదీ లేనివాళ్లకు 1994 నుంచి యర్ట్ అనే గుండ్రని గుడిసెలున్నాయి. రెండు లక్షల డాలర్ల బండి, రెండు చక్రాల సైకిలు ఒకే కుళాయి దగ్గర నీళ్లు పట్టుకునే చోట్లు అమెరికాలో బహుశా ఎక్కువ లేవు.

ప్రభుత్వం తప్పుకుంటే ప్రైవేటు ఆర్వీ పార్కులు ఆ పని చేయవా అని మరికొందరంటారు. చేస్తున్నాయి, మంచి పార్కులూ ఉన్నాయి. 1962లో మోంటానాలో మొదలైన కేఓఏ వంటి గొలుసు సంస్థలు లేకపోతే ఈ వ్యాపకం ఇంత విస్తరించేదే కాదు. కానీ ప్రైవేటు పార్కు తన ఆవరణ అమ్ముతుంది, తీరాన్ని కాదు. పదేళ్లు దాటిన బండిని లోపలికి రానివ్వని రిసార్టులు కూడా కొన్ని ఉన్నాయి. పాత బండి కళ తప్పి పక్కవాళ్ల సెలవు పాడుచేస్తుందని వాటి లెక్క. రాష్ట్ర పార్కు బండి వయసు అడగదు. ఆరు నెలల ముందు రిజర్వేషన్లు తెరుచుకున్నప్పుడు ఎవరి వేలు ముందు పడితే వాళ్లది. వేసవి శనివారాలకు ఆ పోటీ మన పండగ రైళ్ల టికెట్ల పోటీకి తీసిపోదు. కాబట్టి బుద్ధి పుట్టినప్పుడు బయలుదేరడమన్న స్వేచ్ఛ కూడా జులైలో అంతంతమాత్రమే. ఆ వేసవి నెలల్లోనే, పోర్ట్‌లాండ్ పక్కనున్న హిల్స్‌బరో వంటి ఊళ్లలోని కొడుకుల, కూతుళ్ల దగ్గరికి వచ్చిన మన తల్లిదండ్రులూ పోర్ట్‌లాండ్‌కు దాదాపు 130 కిలోమీటర్ల దూరంలోని కానన్ బీచ్‌కు వచ్చి, సముద్రంలో నిటారుగా లేచిన హేస్టాక్ రాక్ ముందు ఫొటోలు దిగుతుంటారు. వాళ్లు నిలబడేది కూడా 1913, 1967 చట్టాలు కాపాడిన ఇసుక మీదే.

పర్యావరణం సంగతి దాటవేయకూడదు. పెద్ద మోటర్‌హోమ్ లీటరుకు మూడు, నాలుగు కిలోమీటర్లకు మించి ఇవ్వదు. ఇందులో సమర్థించడానికేమీ లేదు. తక్కువ దూరం నడిపి ఎక్కువ రోజులు ఆగేవాళ్ల ఖర్చు తగ్గుతుంది, అంతవరకే. తీరం నలిగిపోతుందన్న మాట వేరు. అక్కడ పొడి ఇసుకలో గుడ్లు పెట్టే స్నోయీ ప్లవర్ అనే చిన్న పిట్టను 1993లో ముప్పున్న జాతిగా ప్రకటించారు. దానికోసం కొన్ని బీచుల్లో మార్చి 15 నుంచి సెప్టెంబరు 15 దాకా పొడి ఇసుక మీద నడకను కట్టడి చేస్తారు. వచ్చేవాళ్లను ఎక్కడో ఒకచోట, మురుగు కాలువ ఉన్నచోట, చెట్ల చాటున గట్టి నేల మీద ఉంచగలిగితేనే ఇలాంటి కట్టడి అమలవుతుంది. క్యాంప్‌గ్రౌండ్ లేని తీరానికి బళ్లు రాకుండా పోవు. రోడ్డు పక్క, దిబ్బల మీద, కనపడ్డ ప్రతి ఖాళీలోనూ ఆగుతాయి.

ఈ వాదనకు నిజంగా అడ్డం తిరిగేది వేరే మనుషులు. ఆర్వీలో ఉండేవాళ్లందరూ విహారానికి వచ్చినవాళ్లు కారు. అద్దెలు భరించలేక, 2008 తర్వాత ఇళ్లు పోగొట్టుకుని బండే ఇల్లు చేసుకున్న పెద్దవయసు వాళ్ల గురించి జెస్సికా బ్రూడర్ 2017లో ‘నోమాడ్‌లాండ్’ రాసింది. దాని ఆధారంగా తీసిన సినిమాకు ఆస్కార్ వచ్చింది. ఒరెగాన్ రాష్ట్ర పార్కులో 17 రోజుల్లో 14 రాత్రులకు మించి ఉండటానికి వీల్లేదు. తిరిగే జంటకు ఈ నియమం తెలియను కూడా తెలియదు, ఆలోపే వాళ్లు తర్వాతి ఊరికి పోతారు. పోవడానికి ఊరు లేనివాళ్లకు అది గోడ. చాలా తీర పట్టణాల్లో వీధిలో బండి ఆపి నిద్రపోవడం మీద ఆంక్షలున్నాయి. అందరి కోసమని కాపాడుకున్న ఆస్తి ఎవరికీ ఇల్లు కాకూడదన్నది న్యాయమే, లేకపోతే మొదట వచ్చినవాళ్లే ఉండిపోతారు. కానీ ఇళ్ల సమస్యకు జవాబు పార్కుల దగ్గర లేదు గనక, ఆ 14 రాత్రుల నియమం ఒకరికి ఆనవాయితీలాగా, మరొకరికి బహిష్కారంలాగా పనిచేస్తూనే ఉంది.

మన దేశంలో కారవాన్ పర్యాటకం మాట వచ్చినప్పుడల్లా బండి ఫొటోనే ముందు కనిపిస్తుంది. 2021లో ప్రకటించిన విధానంలో కేరళ బండితోపాటు కారవాన్ పార్కుల పేరు కూడా ఎత్తడం నయం. బండిని ఏ బాడీబిల్డింగ్ షెడ్డులోనైనా ఆర్నెల్లలో తయారుచేయించవచ్చు. నెహేలం బే లాంటి మజిలీకి మాత్రం దశాబ్దాలు పట్టింది. అదొక సన్నని ఇసుక నాలుక, ఒక పక్క పసిఫిక్, మరో పక్క నది కలిసే పాయ. ఇలాంటి చోటికి సముద్రం నుంచే ముప్పు కూడా ఉంది. 1700 జనవరి 26 రాత్రి ఈ తీరాన్ని కుదిపిన భూకంపం పంపిన అల జపాన్ దాకా పోయింది, అక్కడి పాత లెక్కల్లో దాని తేదీ నమోదైంది. అందుకే ఈ తీరమంతటా ఎటు పరుగెత్తాలో చూపే సునామీ బోర్డులుంటాయి. 2004 డిసెంబరు సునామీని చూసినవాళ్లకు వాటి అవసరం వివరించనక్కర్లేదు. నేల గట్టిగా కంపిస్తే హెచ్చరిక కోసం చూడొద్దని, బండి స్టార్ట్ చేయొద్దని, ఉన్నపళంగా దిగి కాలినడకన గట్టు వైపు పోవాలని అక్కడ చెబుతారు.