లేని అభిరుచి రాయొద్దు.. ఉన్న అనుభవం దాచొద్దు

పొలం పనుల్లో తండ్రికి చేదోడుగా నిలిచామని, ఊరి భజన బృందంలో పాడామని ఉద్యోగ దరఖాస్తులో రాసేందుకు పలువురు గ్రామీణ అభ్యర్థులు సంకోచిస్తుంటారు. బదులుగా ‘పుస్తక పఠనం, సంగీతం’ అని రాసి, ఇటీవల చదివిన పుస్తకమేదని అడగ్గానే తడబడుతుంటారు.

సివిల్స్‌లో ఈ తడబాటు ఖరీదైనది. ప్రధాన పరీక్షకు 1750, వ్యక్తిత్వ పరీక్షకు 275 కలిపి మొత్తం 2025 మార్కులకు తుది ర్యాంకు నిర్ణయిస్తారు. అభ్యర్థి సమగ్ర దరఖాస్తులో పేర్కొన్న అభిరుచులపైనా బోర్డు సభ్యులు ప్రశ్నలు సంధిస్తారు. ప్రధాన పరీక్షను తెలుగులో రాసినవారు ముఖాముఖికీ తెలుగును ఎంచుకోవచ్చు.

లోతు ముఖ్యం

శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంట ప్రాంత యువకుడొకరు తోలుబొమ్మలాటను అభిరుచిగా రాశారనుకుందాం. మేకతోలును శుద్ధిచేసే విధానం, రంగులద్దే పద్ధతి, ప్రదర్శించే రామాయణ ఘట్టాలు ఆయనకు తెలిసి ఉండాలి. ఆ గ్రామ కళాకారుడు దళవాయి చలపతిరావు 2020లో పద్మశ్రీకి ఎంపికైన విషయమూ చెప్పగలగాలి. ఆటకు ఆదరణ ఎందుకు తగ్గిందని అడిగితే సొంత అభిప్రాయం వినిపించాలి.

పని చెప్పాలి

ప్రైవేటు కొలువుల రెజ్యూమెకూ ఇదే సూత్రం. ‘నాయకత్వ లక్షణాలున్నాయి’ అనే కంటే, కళాశాలలో రక్తదాన శిబిరం నిర్వహించి ఉంటే అందులో తన బాధ్యతేమిటో, ఎందరు రక్తమిచ్చారో రెండు పంక్తుల్లో రాయడం మేలు.

తెలియని ప్రశ్నకు తెలియదనడం తప్పుకాదు. లేని అభిరుచిని ఉన్నట్లు చూపితే మాత్రం, నిజంగా తెలిసి చెప్పిన సమాధానాలపైనా నమ్మకం సడలుతుంది.