నగరం కన్నా ముందు వెలసిన పురానాపూల్

హైదరాబాదు నగర నిర్మాణం 1591లో ప్రారంభమైంది. అంతకు పదమూడేళ్ల ముందే, 1578లో, గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్ షా మూసీ నదిపై రాతి కమానుల వంతెనను నిర్మింపజేశారు. అదే నేటి పురానాపూల్. గోల్కొండ నుండి దక్షిణపు ఒడ్డుకు రాకపోకలు సుగమమై, అనంతరం అక్కడ నూతన నగరం వెలయడానికి ఈ వంతెన తోడ్పడింది.

యువరాజు మహమ్మద్ కులీ తన ప్రేయసి భాగమతిని కలుసుకొనేందుకు వీలుగా తండ్రి దీనిని కట్టించారన్న కథ బహుళ ప్రచారంలో ఉంది. అయితే వంతెన పూర్తయ్యే నాటికి యువరాజు వయస్సు పదమూడేళ్లకు మించదు. కనుక దీనిని జనశ్రుతిగానే పేర్కొనడం సముచితం. 17వ శతాబ్దంలో ఇచ్చటికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఈ వంతెన అందాన్ని ప్యారిస్‌లోని పాంట్ నఫ్‌తో పోల్చారు.

వరదలకు దెబ్బతిన్న వంతెనను 1820లో మూడవ నిజాం సికిందర్ జా బాగు చేయించారు. 1908 సెప్టెంబరు 28 నాటి మహావరదలో అఫ్జల్, ముసల్లం జంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకుపోగా, నగరపు ఇరుభాగాలను కలిపి ఉంచినది పురానాపూల్ ఒక్కటే. నాలుగు శతాబ్దాలకు పైబడి ఇది నిలవడానికి నిర్మాణ పటిష్ఠతతో పాటు, దెబ్బతిన్నప్పుడు జరిగిన మరమ్మతులు కూడా కారణమే. వారసత్వ కట్టడాల సంరక్షణ బాధ్యత వహించే అధికారులు గమనింపదగిన అంశమిది.