సి.కె.నాయుడి సగటు 25 మాత్రమేనా?

అన్ని కాలాలకూ కలిపి ఒక తెలుగు క్రికెట్ జట్టు ఎంచుదామని కూర్చుంటే మొదటి తగాదా సి.కె.నాయుడి దగ్గరే వస్తుంది. ఆయన ఆడింది ఏడు టెస్టులు. చేసింది 350 పరుగులు. సగటు సరిగ్గా 25. ఒక్క సెంచరీ లేదు. పక్కనే వి.వి.ఎస్.లక్ష్మణ్ అంకెలు పెట్టండి: 134 టెస్టులు, 8,781 పరుగులు, సగటు 45.97, సెంచరీలు 17. ఫోన్‌లో స్కోర్లు చూస్తూ పెరిగిన కుర్రాడికి నాయుడిని తీసుకోవడం పెద్దాయన కదా అని పడే మొహమాటంలా కనిపిస్తుంది. మొహమాటం కాదు. ఎందుకు కాదో కాస్త ఓపిగ్గా చూద్దాం.

ఒడిశాలోని గంజాం తీరం మీద మార్కండి వంటి ఊళ్ళలో తెలుగు మాట్లాడే మత్స్యకారులు తరతరాలుగా ఉన్నారు. తెప్ప మీద తెడ్డు వేసుకుని వెళ్ళిన తాత ఎంత చేప తెచ్చేవాడు, ఇంజను పడవలో వెళ్తున్న మనవడు ఎంత తెస్తున్నాడు అని ఇద్దరి బుట్టలూ పక్కపక్కన పెట్టి అక్కడ ఎవరూ తూచరు. ఆ రోజు అదే నీళ్ళ మీదికి వెళ్ళిన మిగతా తెప్పలు ఎంత తెచ్చాయని అడుగుతారు. క్రికెట్‌లో కాలాలు దాటి ఆటగాళ్ళను పోల్చడానికి ఇంతకు మించిన పద్ధతి నాకు కనపడలేదు. ఆటగాణ్ణి ముందు తన కాలంవాళ్ళ పక్కన నిలబెట్టాలి. వాళ్ళకంటే ఎంత ఎత్తున ఉన్నాడో చూడాలి. తర్వాత ఆ ఎత్తునే మరో కాలంవాడి ఎత్తుతో పోల్చాలి.

బ్రాడ్‌మన్ విషయంలో ఈ లెక్క తేటగా కనిపిస్తుంది. 1928 నుంచి 1948 దాకా 52 టెస్టులు ఆడి 6,996 పరుగులు చేశాడు, సగటు 99.94. ఆ రోజుల్లో బౌలింగ్ చప్పగా ఉండేదని కొట్టిపారేసేవాళ్ళు ఉన్నారు. అంత చప్పగా ఉంటే అదే బౌలింగ్ మిగతావాళ్ళకూ దొరికింది కదా? హ్యామండ్ సగటు 58.45. సట్‌క్లిఫ్‌ది 60.73. వెస్టిండీస్ హెడ్లీది 60.83. వీళ్ళూ మహామహులే, అయినా బ్రాడ్‌మన్‌కు నలభై మెట్లు కింద ఆగిపోయారు. కాబట్టి 99.94 గొప్పతనం తెలియాలంటే ఆ అంకెను ఒంటరిగా చూస్తే చాలదు, దాని పక్కనున్న అరవైలను కూడా చూడాలి.

చుట్టూ మారిన సంగతులు చాలానే ఉన్నాయి. ఆ రోజుల్లో పిచ్ మీద కవర్లు లేక, వాన పడితే తడిసి ఆరుతున్న మట్టి మీదే ఆడాల్సి వచ్చేది. 1935కు ముందు ఆఫ్ స్టంప్ బయట పడి లోపలికి తిరిగే బంతిని ప్యాడుతో అడ్డుకుంటే ఎల్‌బీడబ్ల్యూ ఉండేది కాదు, అది బ్యాటరుకు వరం. టెస్టులో హెల్మెట్ మొదట కనిపించింది 1978లో, ఆస్ట్రేలియా యాలప్ తల మీద. ఇవన్నీ విడివిడిగా లెక్కగట్టబోతే తెల్లారిపోతుంది. కలిసి ఆడినవాళ్ళతో పోలిస్తే ఆ సౌకర్యాలూ కష్టాలూ ఇద్దరికీ సమానం కాబట్టి దాదాపు అన్నీ వాటంతటవే సర్దుకుంటాయి.

దాదాపు అన్నాను. ఈ లెక్కకు అందనిది ఒకటుంది, అది అవకాశం. నాయుడి కథంతా అక్కడే ఉంది.

ఆయన 1895లో నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు ఇంట పుట్టాడు. ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లోకి 1916లో వచ్చాడు. భారతదేశం తొలి టెస్టు ఆడింది 1932 జూన్ 25న, లార్డ్స్‌లో, నాయుడి కెప్టెన్సీలో. ఆ రోజుకు నాయుడి వయసు ముప్పై ఆరు దాటింది. లక్ష్మణ్ చివరి టెస్టు ఆడినప్పుడు అతని వయసు 37. అజహరుద్దీన్ చివరి టెస్టు ఆడిందీ 37 ఏళ్ళకే. అంటే వీళ్ళిద్దరూ బ్యాటు సర్దేసిన వయసుకు కొద్ది నెలలు ముందు నాయుడు టెస్టు జీవితం మొదలుపెట్టాడు. ఇరవై రెండో ఏట మొదలెట్టి ముప్పై ఏడుకు ముగించినవాడి సగటును, ముప్పై ఆరులో మొదలుపెట్టినవాడి సగటుతో పోల్చడం ఏ లెక్క?

ఆ లార్డ్స్ టెస్టునే దగ్గరగా చూడండి. ఇంగ్లండ్ ముందు బ్యాటింగ్ చేసింది. నిస్సార్ బంతికి సట్‌క్లిఫ్ 3 పరుగులకే బౌల్డ్ అయ్యాడు, రెండో ఓపెనర్ హోమ్స్ 6కు. హ్యామండ్ 35 చేశాడు. ఫీల్డింగులో చెయ్యి గాయపడ్డ నాయుడు ఆ చేత్తోనే బ్యాటింగుకు వచ్చి 40 చేశాడు. మన తొలి ఇన్నింగ్స్ 189లో అదే అత్యధిక స్కోరు. ఎదురుగా బంతి వేసినవాళ్ళలో వోస్, బోవ్స్ ఉన్నారు. కొన్ని నెలల తర్వాత జార్డైన్ నాయకత్వంలో ఆస్ట్రేలియాకు ‘బాడీలైన్’ సిరీస్ ఆడటానికి వెళ్ళినవాళ్ళే వీళ్ళు. ఒక్క ఇన్నింగ్స్ చూపించి హ్యామండ్ కంటే నాయుడు మిన్న అనడం అన్యాయం, నేను అలా అనడం లేదు. 40 అనే అంకె ఆ రోజు ఎంత బరువైనదో తెలియడానికి చెబుతున్నాను.

బరువైన సాక్ష్యం ఫస్ట్‌క్లాస్ ఆటలో ఉంది. 1926 డిసెంబరులో బొంబాయి జింఖానాలో ఎం.సి.సి. మీద హిందూ జట్టు తరఫున నాయుడు 153 కొట్టాడు, అందులో 11 సిక్సర్లు. 1932 ఇంగ్లండ్ పర్యటనలో 1,618 ఫస్ట్‌క్లాస్ పరుగులతో పాటు 65 వికెట్లూ తీశాడు. మరుసటి ఏడాది విజ్డెన్ అయిదుగురు మేటి క్రికెటర్లలో ఒకడిగా ఎంచింది. మొత్తం మీద 207 ఫస్ట్‌క్లాస్ మ్యాచులు, 11,825 పరుగులు, 26 సెంచరీలు, 411 వికెట్లు. అరవై దాటాక కూడా రంజీల్లో బ్యాటు పట్టి అర్ధసెంచరీ చేశాడు. ఇంత చేసినవాడిని ఆ ఏడు టెస్టులకు కుదించేస్తే అది క్యాలెండర్ చేసిన తప్పుకు ఆటగాడికి శిక్ష వేయడమే.

అవకాశం కరువైన మరో పేరు మిథాలీ రాజ్. 2002లో టాంటన్‌లో ఇంగ్లండ్ మీద 214 కొట్టినప్పుడు ఆమె వయసు 19, ఆనాటికి మహిళల టెస్టుల్లో అదే ప్రపంచ రికార్డు. అలాంటి బ్యాటరుకు దాదాపు ఇరవై ఏళ్ళలో దక్కిన టెస్టులు 12. వన్డేల్లో మాత్రం 232 మ్యాచులు ఆడి 7,805 పరుగులు చేసింది. ‘టెస్టుల్లో ఏం చేసిందట?’ అని అడిగేవాళ్ళు ముందు ఎన్ని టెస్టులు పెట్టారని బోర్డును అడగాలి.

ఇంతకీ తెలుగు జట్టు అంటే ఎవరి జట్టు? పుట్టిన నేల లెక్కా, ఇంట్లో మాట లెక్కా? మాట ఒక్కటే చూస్తే ఉర్దూ ఇళ్ళలో పెరిగిన అజహర్, గులాం అహ్మద్, అబిద్ అలీ బయటే ఉంటారు. నేల ఒక్కటే చూస్తే నాగపూర్, ఇండోర్‌లలో జీవితం గడిపిన నాయుడే ఉండడు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియాతో బతికే బరంపురం వాళ్ళకు ఈ చిక్కు కొత్తది కాదు. అందుకే రెండూ చెల్లుతాయని నా నిబంధన. దానితో ఒక తమాషా జరిగింది. హైదరాబాద్‌లో పుట్టి, హైదరాబాద్‌కే రంజీలు ఆడి, 1961లో పాకిస్థాన్ వెళ్ళిపోయి ఆ దేశానికి 58 టెస్టులు ఆడిన ఆసిఫ్ ఇక్బాల్ కూడా లోపలికి వచ్చేశాడు. రానీండి. 11 సెంచరీలు చేసి మీడియం పేస్ కూడా వేసేవాణ్ణి ఎవరు వద్దంటారు?

అజహరా, లక్ష్మణా అన్నది టీ కొట్టు దగ్గర తేలని తగువు. అజహర్ 99 టెస్టుల్లో 45.03 సగటుతో 22 సెంచరీలు చేశాడు. సగటులో లక్ష్మణ్ వెంట్రుకవాసి ముందున్నాడు. 1990లతో పోలిస్తే 2000 తర్వాతి దశాబ్దంలో ప్రపంచమంతటా టెస్టుల్లో పరుగులు సులువయ్యాయి, ఆ సంగతి కలిపితే అజహరే ముందుకొస్తాడు. కానీ అజహర్ సగటును మోసింది స్వదేశపు పిచ్‌లు, విదేశాల్లో అది బాగా పడిపోయింది. లక్ష్మణ్ మాత్రం ఆ కాలపు అత్యంత బలమైన జట్టు ఆస్ట్రేలియా మీదే ఆరు సెంచరీలు చేశాడు. 2001లో కోల్‌కతాలో ఫాలోఆన్ ఆడుతూ మెక్‌గ్రాత్, గిలెస్పీ, వార్న్‌ల మీద కొట్టిన 281 అందులోదే. ఇద్దరూ జట్టులో ఉంటారు, ఒక్కణ్ణే తీసుకోమంటే లక్ష్మణ్. అజహర్ మీద 2000లో బోర్డు వేసిన జీవితకాల నిషేధాన్ని 2012లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెల్లదంది, కనుక దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

స్పిన్నర్ల దగ్గర సగటు చేతులెత్తేస్తుంది. గులాం అహ్మద్ 68 వికెట్లు, సగటు 30.17. వెంకటపతి రాజు 93 వికెట్లు, 30.72. ప్రజ్ఞాన్ ఓఝా 113 వికెట్లు, 30.26. మూడు కాలాలు, ముగ్గురిదీ ముప్పయ్యే. ఇక్కడ పక్కవాళ్ళను చూడక తప్పదు. గులాం అహ్మద్ తొలి టెస్టు ఆడేనాటికి భారత్ ఒక్క టెస్టు కూడా గెలవలేదు, అలాంటి జట్టులో ఆ సగటు నిలబెట్టినందుకు అతని స్థానం ఖాయం. ఎడమచేతి స్పిన్నర్లలో రాజుకు 28 టెస్టులు పట్టిన వికెట్ల కంటే ఎక్కువ ఓఝా 24 టెస్టుల్లోనే తీశాడు. ఒడిశాలో పుట్టి హైదరాబాద్‌లో బౌలర్ అయిన ఓఝా 2013లో ముంబయిలో పది వికెట్లు తీశాడు, అది సచిన్ వీడ్కోలు మ్యాచ్ కావడంతో ఎవరికీ గుర్తులేదు, ఆ తర్వాత అతనికి మరో టెస్టు దక్కలేదు. మన ఒడియా మిత్రులు సంతోషించవచ్చు గానీ, వాళ్ళ కోసం తీసుకోలేదు.

పేసుకు సిరాజ్ ఒక్కడే పోటీ లేకుండా వస్తాడు. 2025 ఆగస్టులో ఓవల్‌లో ఆరు పరుగుల తేడాతో గెలిచిన టెస్టు చూసినవాళ్ళకు వేరే రుజువు అక్కర్లేదు.

మిగిలింది కీపర్. ఇవాళ బ్యాటు రాని కీపరుకు ఏ జట్టులోనూ చోటు లేదు. విశాఖ కుర్రాడు కె.ఎస్.భరత్ రంజీల్లో 308 కొట్టినవాడు. హైదరాబాద్ పి.కృష్ణమూర్తి బ్యాటుతో చేసింది దాదాపు ఏమీ లేదు. కానీ 1971లో వెస్టిండీస్ గడ్డ మీద తొలిసారి సిరీస్ గెలిచినప్పుడు బేడీ, ప్రసన్న, వెంకట్రాఘవన్‌ల బంతులకు అయిదు టెస్టులూ వికెట్ల వెనక నిలబడింది అతనే. ఆ కాలం కీపరును అడిగింది గ్లవ్స్ పనే.

చివరికి తేలిన నా జట్టు ఇది: జైసింహ, అబిద్ అలీ, లక్ష్మణ్, అజహరుద్దీన్, విహారి, ఆసిఫ్ ఇక్బాల్, కెప్టెన్‌గా సి.కె.నాయుడు, కృష్ణమూర్తి, గులాం అహ్మద్, ఓఝా, సిరాజ్. ఏడో నంబరు దాకా బ్యాటింగ్ ఉంది కాబట్టి కీపింగ్ కృష్ణమూర్తికే ఇచ్చాను. భరత్ కావాలనేవాళ్ళు ఎవరిని తీసేస్తారో కూడా చెప్పాలి.