పాట కింద పేరు

పాట అందరికీ వస్తుంది. రాసిందెవరని అడిగితే మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. భావనపాడులో పెళ్లి పందిరి వేసినా, ఒడ్డున కూర్చుని చిరిగిన వలలు బాగుచేసుకుంటూ సెల్‌ఫోన్‌లో పాటలు పెట్టుకున్నా, ఎప్పుడో ఒకప్పుడు ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’ వినబడుతుంది. అది సినిమా పాటని కొందరంటారు. తాతల కాలం నుంచీ ఉన్న జానపదమని మరికొందరంటారు. నిజానికి దానికొక రచయిత ఉన్నారు. ఆయనది మన ఉత్తరాంధ్రే. 2020 ఆగస్టు 4న పార్వతీపురంలో కన్నుమూసిన వంగపండు ప్రసాదరావు గారే ఆయన.

వంగపండు 1943 జూన్‌లో పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టారు. ఆ ఊరు ఉన్నచోటే ఉంది గాని జిల్లాలు మారుతూ వచ్చాయి. ఆయన పుట్టేనాటికి అది విశాఖపట్నం జిల్లా. 1950 నుంచి శ్రీకాకుళం, 1979 నుంచి విజయనగరం, 2022 నుంచి పార్వతీపురం మన్యం. కాబట్టి ఆయన్ని ‘మావాడు’ అని చెప్పుకునే హక్కు ఈ జిల్లాల వారందరికీ ఉంది. విశాఖ షిప్‌యార్డులో ఆయన ఫిట్టరుగా పనిచేశారు. శ్రీకాకుళ రైతాంగ పోరాటపు రోజులు ఆయన్ని పాటవైపు లాగాయి. 1972లో గద్దర్, బి. నర్సింగరావు గార్లతో కలిసి జననాట్యమండలిని నిలబెట్టారు. ఆయన రాజకీయాలతో ఏకీభవించని విశ్వాసులు మన సంఘాల్లో చాలామంది ఉన్నారు. ఆ చర్చ ఇక్కడ పెట్టడం లేదు. మేము చెప్పదలచినది పాట సంగతి.

‘వెళ్దాం వస్తావా’ అని పుస్తకాల్లో రాస్తాం. మన ఊళ్లలో మాత్రం ‘ఎల్దమొస్తవ’ అంటాం. బడిలో పిల్లవాడు అలా పలికితే పంతులు గారు దిద్దేవారు. పట్నం వెళ్లినవాడు నలుగురిలో ఆ మాట అనడానికి సిగ్గుపడేవాడు. వంగపండు దాన్ని దిద్దలేదు, దాచనూ లేదు. కూలి జనం నోట్లో ఉన్న మాటను ఉన్నట్టే తీసుకుని, కాళ్లకు గజ్జెలు కట్టి, వేదికెక్కి పాడారు. తాను ఫిట్టరుగా తిప్పిన యంత్రం మీద కూడా పాట కట్టారు. అది ఇతర భాషల్లోకి కూడా వెళ్లింది. భూమి కోసం పడే పాట్లను ‘భూమి భాగోతం’గా ఆడించారు. మూడు వందలకు పైగా పాటలు రాశారు. కాగితం మీద చదివితే వాటిలో కొన్ని చాలా మామూలుగా కనిపిస్తాయి. అవి చదువుకునేందుకు రాసినవి కావు. పదిమంది వంతపాడితేనే వాటికి ప్రాణం.

అక్కడి నుంచి ఆయన పాట మెట్టు మెట్టుగా పైకి వచ్చింది. ఊరూరా సభలు, తర్వాత క్యాసెట్లు, 1986లో ఆర్. నారాయణమూర్తి తీసిన ‘అర్ధరాత్రి స్వతంత్రం’, ఆ తర్వాత మరికొన్ని సినిమాలు. 2017లో రాష్ట్ర ప్రభుత్వం కళారత్న పురస్కారం ఇచ్చింది. పల్లెలో పుట్టిన పాటగాడికి ఇది చిన్న ప్రయాణం కాదు.

అయితే పాట ఎంత పైకి వెళ్లిందో పేరు అంత కిందికి జారింది. ఎలా జారిందో కాస్త నిదానంగా చూడాలి. సభలో పాట పాడినప్పుడు పాడే మనిషి ఎదురుగా ఉంటాడు. ఎవరి పాటో చెప్పనక్కరలేదు. క్యాసెట్‌లోకి వెళ్లాక మనిషి కనబడడు. డబ్బా లోపల మడతపెట్టిన అట్ట మీద పేరు మాత్రం ఉంటుంది. ఆ రోజుల్లో ఒక్క క్యాసెట్ కొంటే పది ఇళ్లలో నకళ్లు తయారయ్యేవి. రెండు క్యాసెట్లు పట్టే టేప్ రికార్డర్ ఒక్కటి వీధిలో ఉంటే చాలు. పాట నకలు అవుతుంది గాని అట్ట నకలు కాదు కదా! ఖాళీ క్యాసెట్ మీద బాల్‌పెన్నుతో ‘జానపదాలు’ అని రాసుకునేవారు. అంతటితో రచయిత మాయం. తర్వాత వందకు పైగా పాటలు పట్టే ఎంపీత్రీ సీడీలు వచ్చాయి. ఆ వెనుక సెల్‌ఫోన్ దుకాణంలో నింపి ఇచ్చే మెమరీ కార్డులు వచ్చాయి. వాటిలో పాటకు మిగిలింది మొదటి మాట, ఒక అంకె. 2009లో వచ్చిన ‘మగధీర’ సినిమాలోని ఒక పాటలో వంగపండు పల్లవి మాటలు వినబడ్డాయి. ఆనాటి కుర్రకారుకు ఆ మాటలు అక్కడే పుట్టాయి! దొంగతనం చేయాలని ఎవరూ అనుకోకపోయినా ఇంత పని జరుగుతుంది. జానపదం అనే మాట మర్యాదగానే వినిపిస్తుంది. కాని బతికున్న మనిషి పాటకు ఆ మాట తగిలిస్తే ఆయన్ని ఇంట్లోంచి బయటికి పంపినట్టే.

ఇది మన దగ్గరే జరిగింది కాదు. అమెరికాలో పల్లె పాటకు ‘కంట్రీ మ్యూజిక్’ అని పేరు. ఆ పాట దేశమంతా వినబడడానికి కారణం 1927లో టెనెస్సీ, వర్జీనియా రాష్ట్రాల సరిహద్దు పట్టణం బ్రిస్టల్‌లో జరిగిన రికార్డింగులని అక్కడివారు చెప్పుకుంటారు. విక్టర్ కంపెనీ తరఫున రాల్ఫ్ పీర్ అనే ఆయన యంత్రాలతో వచ్చి, చుట్టుపక్కల పాటగాళ్లను రమ్మని కబురు పెట్టారు. పాటకు 50 డాలర్లు ఇస్తామన్నారు. పండ్ల మొక్కలు అమ్ముకునే ఎ.పి. కార్టర్, ఆయన భార్య సారా, నిండు గర్భిణి అయిన మరదలు మేబెల్ అడిగి తెచ్చుకున్న కారులో కొండదారి పట్టి వచ్చారు. ఆగస్టు 1, 2 తేదీల్లో ఆరు పాటలు పాడారు. అదే నెల 4న జిమ్మీ రోజర్స్ పాడారు. ఆ నాలుగు రోజులూ ఈ నలుగురి బతుకులను మార్చేశాయి.

తర్వాత కార్టర్‌కు కొత్త పాటలు కావలసి వచ్చాయి. కొండ పల్లెల్లో ఇంటింటికీ తిరిగి పాటలు సేకరించారు. ఆయనకు స్వరం రాసుకోవడం రాదు. మాటలు రాసుకుంటే రాగం మరచిపోయేవారు. లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారు వాద్యకారుడు ఆయన వెంట తిరిగి, రాగాన్ని గుర్తుపెట్టుకుని వచ్చి ఇంట్లో వారికి నేర్పేవారు. సిమెంటు ఫ్యాక్టరీ ప్రమాదంలో కాలు పోగొట్టుకున్న మనిషి ఆయన. ఆ రికార్డుల మీద ఆయన పేరు లేదు. 1960ల్లో మైక్ సీగర్ వెతుక్కుంటూ వెళ్లి ఆయన చేత పాడించేదాకా లోకానికి ఆయన తెలియదు.

ఆరాధనల్లో పాటలు పాడే మనకు దగ్గరగా తగిలే ముక్క ఇంకొకటి ఉంది. కార్టర్ కుటుంబం 1935లో రికార్డు చేసిన పేరుపొందిన పాట ఒకటి ఎ.పి. కార్టర్ పేరు మీద వచ్చింది. దానికి మూలం 1907 నాటి క్రైస్తవ కీర్తన. మాటలు ఏడా హేబర్షన్ అనే ఇంగ్లండు సోదరివి, రాగం చార్లెస్ గేబ్రియల్‌ది. కార్టర్ మాటలు మార్చారు, తల్లి మరణం చుట్టూ కొత్త చరణాలు కట్టారు. అది మంచి పాటే, కాదనం. కాని మొదటి ఇద్దరి పేర్లూ పక్కకు పోయాయి.

‘దేవుని పాటకు మనిషి పేరెందుకు?’ అని మన సంఘాల్లో కొందరు పెద్దలు అడుగుతుంటారు. వారి వినయం మంచిదే. కాని కీర్తనల గ్రంథం తెరిచి చూడండి. 150 కీర్తనలలో 73 కీర్తనల శీర్షికలలో దావీదు పేరుంది. 12 ఆసాపువి, 11 కోరహు కుమారులవి. దేవుని మహిమను పాడే పుస్తకమే రాసినవారి పేర్లను ఇన్ని వందల ఏళ్లు మోసుకొచ్చింది. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు కూడా అంతే. పైన రాగం, తాళం, చివర రచయిత పేరు. పర్లాకిమిడి ప్రాంతంలో 1803లో పుట్టి, 1833లో బాప్తిస్మం పొందిన పురుషోత్తమ చౌధరి గారు 1890లో ప్రభువునొద్దకు వెళ్లారు. ఆయన ఏ రికార్డులోనూ పాడలేదు. అయినా ఆయన కీర్తన పాడుతూ కళ్లు కిందికి దించితే పేరు కనబడుతుంది. ఆ పుస్తకం అచ్చు వేసినవారు చేసిన మేలు అది. మన యువకులు ఆ కీర్తననే కీబోర్డు మీద కొత్తగా వాయించి విడుదల చేసినప్పుడు పాడినవారి పేరు, నిర్మాత పేరు, కెమెరా పట్టినవారి పేరు కూడా వేస్తున్నారు. చౌధరి గారి పేరుకు మాత్రం చోటు దొరకడం లేదు.

ఈ మధ్య ఒక యువకుడు మా దగ్గరికి వచ్చాడు. సముద్రం మీదికి వెళ్లే కుటుంబం. పాటలు కడతాడు, గొంతు కూడా బాగుంటుంది. వేరే ఊరి స్టూడియో ఒకటి అతని పాట విని, కొంత సొమ్ము ఇస్తాం, కాగితం మీద సంతకం పెట్టమంది. ఆ కాగితంలో పాట పేరు ఉంది, సొమ్ము ఉంది. రచయిత అన్న మాట ఎక్కడా లేదు. ‘ఏటి సెయ్యాల అయ్యగారూ? ఆ డబ్బు ఇంటికి అక్కరుంది’ అన్నాడు. అక్కర నిజమే. వేట లేని రెండు నెలలు ఇంట్లో పొయ్యి వెలగడం ఎంత కష్టమో మాకు తెలియనిది కాదు. సంతకం పెట్టొద్దని తేలిగ్గా చెప్పే అధికారం మాకు లేదు.

తెలిసిన న్యాయవాదిని అడిగి మూడు సంగతులు చెప్పాం. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం పాట రాసిన క్షణం నుంచే హక్కు రాసినవాడిది, నమోదు చేయించకపోయినా సరే. ఆ హక్కు బతికున్నంత కాలం, ఆపైన 60 ఏళ్లు ఉంటుంది. వంగపండు పాటల మీద ఆయన కుటుంబానికి 2080 చివరిదాకా ఉన్నట్టన్నమాట. రెండోది, పాటను అమ్ముకున్నా ‘ఇది నేను రాసింది’ అని చెప్పుకునే హక్కు పోదు. అది 57వ సెక్షన్. మూడోది 2012లో వచ్చిన సవరణ. పాట నుంచి ముందుముందు వచ్చే రాయల్టీలో రచయిత వాటాను ముందుగానే రాయించుకోవడం చెల్లదు. బ్రిస్టల్‌లో కార్టర్‌కు గాని, మన క్యాసెట్ల కాలంలో పల్లె కవులకు గాని ఇంత అండ లేదు.

అతను వెంటనే సంతకం పెట్టలేదు. కొత్త కాగితం ఒకటి రాయించుకున్నాడు. రచన అన్నచోట తన పేరు పెట్టాడు. బాణీ అన్నచోట కలం ఆపి కాసేపు ఆలోచించాడు. ఆ వరుస తనది కాదట. చేపలు ఎండబెట్టే చోట నాయనమ్మ పాడుతుంటే విన్నదట. ఆమె పేరు రాశాడు. డప్పు కొట్టిన స్నేహితుడి పేరు కూడా చేర్చాడు. మూడు పేర్లున్న ఆ కాగితం స్టూడియోకు వెళ్లింది. వారి దగ్గర నుంచి జవాబు ఇంకా రాలేదు.