మోటారు లేకయే మోటారు భారము

వరి పొట్టకు వచ్చిన తరుణమున ట్రాన్సుఫార్మరు కాలిపోయినచో రైతు పడు వేదన మన సంఘసభ్యులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. విద్యుత్పరికరము నెద్దానినైనను పొలములకు పంపకమునుపే అది యెంత భారమును మోయగలదో పరీక్షించుట మేలు. అట్టి పరీక్షకు నేడు ప్రయోగశాలలలో వాడుచున్న యొక యుపాయమును ఇచట వివరించుచున్నాము.

మోటారు భారము దీపముల భారము వంటిది కాదు. నిండుబండిని కదల్చునపుడు ఎద్దులు మిక్కిలి బలమును చూపవలసినట్లే, మోటారును నేరుగా సరఫరాకు కలిపి నడప నారంభించినచో అది తన పూర్తి పనికి కావలసిన కరెంటునకు సాధారణముగా 5 మొదలు 7 రెట్ల వరకు లాగును. అపుడు తీగెలలో వోల్టేజి పడిపోవును. వోల్టేజి నూటికి 80 వంతులకు తగ్గినచో, బయలుదేరు మోటారు త్రిప్పుబలము 64 వంతులే యగును. నీటి బరువును త్రిప్పలేని మోటారు మూలుగుచు వేడెక్కి, తుదకు వైండింగు కాలును.

ఈ స్థితిని పరీక్షించుటకు పదుల కొలది మోటారులను, బావులను ప్రయోగశాలకు తేజాలము. నిరోధపు తీగెల పెట్టెలను కలుపవచ్చును గాని, అవి కరెంటును వేడిగా మార్చి వ్యర్థపుచ్చును. మోటారు బయలుదేరు తీరును చూపజాలవు.

ఈ లోపమును కన్వర్టరు తీర్చును. దానియందు సెకండునకు వేలమారులు తెఱచి మూయు అర్ధవాహక మీటలుండును. కంప్యూటరు వోల్టేజిని అనుక్షణము కొలిచి, ఆ వోల్టేజివద్ద మోటారైనచో ఎంత కరెంటు లాగునో గణించి, అంతయే లాగునట్లు మీటలను నడపును. ట్రాన్సుఫార్మరునకు ఎదుట నిజమైన మోటారున్నట్లే యుండును. లాగిన శక్తిని రెండవ కన్వర్టరు మరల సరఫరాలో చేర్చును గనుక, యంత్రములలో నష్టమగు కొలది శక్తికి మాత్రమే వ్యయము.

అమెరికాలో నాక్స్‌విల్ నగరమందలి టెన్నెసీ విశ్వవిద్యాలయమున 2011లో నెలకొల్పబడిన క్యూరెంట్ అను పరిశోధన కేంద్రమువారు ఇట్టి కన్వర్టరులచేతనే విద్యుదుత్పత్తి యంత్రములను, భారములను అనుకరింపజేసి, ఒక పెద్ద విద్యుద్వ్యవస్థ నడకను ఒక గదిలో పరీక్షించుచున్నారు.

అయితే కన్వర్టరు తనకిచ్చిన లెక్కనే అనుకరించును; లెక్క తప్పైనచో పరీక్షయు తప్పే. కాగితముపై వేయు లెక్కకును ఇదియే న్యాయము. ఒక ట్రాన్సుఫార్మరు క్రింద 20 మంది రైతులు తలకు 5 హార్సుపవరని వ్రాయించి, 7½ హార్సుపవరు మోటారులను దింపిరనుకొందము. కాగితమున 100, తీగెలపై 150. ఎంత మంచి యంత్రమైనను ఆ తప్పును పట్టజాలదు. ట్రాన్సుఫార్మరు కాలినచో ఎండునది 20 మంది పైరును. కావున సభ్యులెల్లరు తమ మోటారు నిజశక్తిని దాచక వ్రాయింతురుగాక.